పైకి వెళ్ళని డబ్బా

“ఇంకో వేలు ఇవ్వండి.”

“ఇందాకేగా గుచ్చావు?”

“సుగరు మిషను తప్పు చూపించి ఉంటుంది. ఇవ్వండి.”

ఆయన ఉంగరం వేలు చాపాడు. ఆమె సూదితో పొడిచింది. పాతికేళ్ళుగా కుట్టుపని చేస్తున్న చెయ్యి, పొడిచినట్టే తెలియలేదు. చుక్క రక్తం చీటీకి అంటుకుంది. మిషను కాసేపు ఆలోచించుకుని అంకె చూపించింది.

మొదటిసారి రెండు వందల తొంభై అంది. ఇప్పుడు రెండు వందల తొంభై నాలుగు అంటోంది.

“చూశావా? రెండోసారి గుచ్చకపోతే నాలుగు తక్కువుండేది,” అన్నాడాయన.

ఆమె లేచి, బట్టల మీద గీతలు గీసే నీలం సుద్దతో వంటింటి తలుపు మీద ఆ అంకె వేసింది. తలుపు నిండా అంకెలే. ఇరవై ఎనిమిది రోజుల అంకెలు. మూడు వందల పది దగ్గర మొదలై, రెండు వందల నలభైకి దిగి, ఆమెను కాస్త ఊపిరి పీల్చుకోనిచ్చి, మళ్ళీ పైకెక్కాయి. పక్క వరసలో ఆదివారం ఆదివారం టేపుతో తీసిన నడుము కొలత. అది నలభై రెండున్నర దగ్గర బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

ఇవాళ ఆదివారం. ఎల్లుండి మంగళవారంతో రేవు కంపెనీ ఇచ్చిన నెల గడువు తీరిపోతుంది. ఆ పొద్దున్న కంపెనీ డాక్టరు ముందు కూర్చోవాలి. అంకె దిగితే ఆయన మళ్ళీ క్రేన్ ఎక్కుతాడు. దిగకపోతే ఇప్పటిలా కింద ఆఫీసు కుర్చీలోనే, ఇక ఎప్పటికీ ఎక్కడు.

ఆమె సుద్ద చేతిలో పట్టుకునే వసారాలోకి నడిచింది. అక్కడ అత్తగారు చేటలో బఠాణీలు వలుస్తోంది.

“అత్తయ్యా, ఒక మాట అడగాలి.”

“నేను పెట్టలేదు.”

“అడగకముందే చెబుతున్నారేంటి?”

“ఆ తలుపు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశావు. ఇంకేం అడుగుతావు? వాడికి నేనేమీ పెట్టలేదు.”

“మీ మంచం కింద బిస్కెట్ల డబ్బా ఉంది.”

“ఉంటుంది. అది నాది. డెబ్బై నాలుగేళ్ళు వచ్చాయి, నా ఒంట్లో ఏ సుగరూ లేదు. నేను బిస్కెట్టు తిన్నా మీ ఆయన అంకె పెరుగుతుందా?”

“నేను అలా అనలేదు.”

“నూనె బీరువాలో పెట్టి తాళం వేసుకున్నావు. చక్కెర పక్కింటావిడ దగ్గర దాచావు. ఇంక నేనేం వండి పెడతాను వాడికి, నా తలకాయా?”

“మరి ఎలా పెరుగుతోంది? గాలి పీల్చి పెరుగుతోందా? పొద్దున్న అరగిన్నె జావ. మధ్యాహ్నం డబ్బాలో పప్పు, ఉడకబెట్టిన కూర. సాయంత్రం మళ్ళీ అదే, ఇంకా తక్కువ. ఆ డాక్టరు రాసిచ్చిన దాన్లో నేను ఒక్క గింజ ఎక్కువ పెట్టానా?”

అత్తగారు ఇంకో బఠాణీ కాయ తీసుకుంది. మామూలుగా అయితే ఆవిడ ఒక మాటకి నాలుగు అంటించే మనిషి. ఆ ఊరుకోవడం చూసి ఆమె అనుమానం ఇంకాస్త ముదిరింది.

లోపల్నుంచి ఆయన కేకేశాడు. “అమ్మనెందుకు సాధిస్తావు? ఆవిడేం చెయ్యలేదని చెబుతున్నాగా!”

“అయితే ఎవరు చేశారో మీరు చెప్పండి.”

లోపల మంచం కిర్రుమంది.

నిజానికి ఆమెకు అత్తగారి మీద ఉన్నది కోపం కాదు. ఆమెకు భయం. ఇరవై ఎనిమిది రోజుల కిందట, ఎవరి పెళ్ళి గౌనుకో అంచు మడుస్తూ ఉండగా ఫోను మోగింది. పైన క్యాబిన్‌లో ఆయన కళ్ళు తిరిగి పడిపోయాడని, ఎత్తిన కంటైనరు పదకొండు నిమిషాలు గాల్లో వేలాడిందని, కింద జనం అటూ ఇటూ పరుగులు తీశారని, చివరికి ఆయన్ని తాళ్ళు కట్టి దింపారని చెప్పారు. ఆ రోజు సూది వేలిలోకి దిగిపోయింది. అది ఆమెకు సాయంత్రం దాకా తెలియలేదు. అప్పట్నుంచి ఆయన దగ్గినా కుట్టు ఆపి తల ఎత్తి చూస్తోంది.

అంతలో వీధి గేటు దగ్గర ఈల వినిపించింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది.

ఆయన గదిలోంచి ఒక్క ఉదుటున బయటికొచ్చాడు. నెలరోజులుగా కాళ్ళీడ్చుకుంటూ తిరుగుతున్న మనిషి అంత వేగంగా కదలడం చూసి ఆమె ఆశ్చర్యపోయింది.

“వీడెందుకు వచ్చాడు? నేను చూసొస్తాను. నువ్వు ఉండు.”

“ఈల అన్నయ్యేగా? లోపలికి రమ్మనండి.”

“ఏదో పనుంటుంది. అలా వీధి చివరి దాకా వెళ్ళొస్తాం.”

“ఎండలోకా? మీరుండండి, నేనే పిలుస్తాను.”

రేవులో క్రేన్ కింద నిలబడి ఎత్తు, దించు అని సైగలు చేసే మనిషిని అందరూ ఈల అంటారు. పైన ఉన్నవాడికి వినపడాలని మెడలో ఇత్తడి ఈల వేసుకుని ఊదుతుంటాడు, ఆదివారం కూడా తియ్యడు. ఆయన్నేమో గద్ద అంటారు. పంతొమ్మిదేళ్ళుగా గద్ద పైన, ఈల కింద.

ఈల లోపలికొచ్చి సంచి నిండా దోసకాయలు బల్ల మీద పెట్టాడు. మనిషి బాగా చిక్కాడు. ప్యాంటు జారకుండా బెల్టుకి కొత్తగా రెండు బెజ్జాలు పొడిపించుకున్నాడు. మొహంలో ఏదో కళ వచ్చింది.

“మా పెరట్లోవి చెల్లెమ్మా. చేతులూపుకుంటూ రావాలంటే సిగ్గేసింది.”

“ఇప్పుడివన్నీ ఎందుకన్నయ్యా?”

“ఎందుకంటావేంటి? నాలుగు కేజీలు తగ్గాను. బీపీ మాత్ర సగం చెయ్యమన్నాడు డాక్టరు. మెట్లెక్కితే ఆయాసం లేదు. నీకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి.”

“నాకా? నేనేం చేశాను?”

ఆయన గట్టిగా దగ్గాడు. “ఒరేయ్, మంచినీళ్ళు తాగుతావా?”

“ఉండవోయ్, ఇన్నాళ్ళూ నువ్వు వద్దంటేనే నోరు కట్టేసుకున్నాను. ఇవాళ చెప్పాల్సిందే.” ఈల ఆమె వైపు తిరిగాడు. “నీ డబ్బా చెల్లెమ్మా. ఈ నెల కూరలు మారిన మొదటి వారం మాత్రం నిజం చెబుతున్నా, ఏడుపొచ్చింది. చప్పటి చిక్కుళ్ళు, నూనె లేని కూర, పచ్చసొన తీసేసిన గుడ్లు. ఏంటి, చెల్లెమ్మకి నా మీద కోపమొచ్చిందా అనుకున్నాను. రెండో వారానికి నాలుక దారికొచ్చింది. ఇప్పుడు పన్నెండయ్యేసరికి ఆ ఆకుకూర పప్పు కోసం కడుపు చూస్తుంటుంది.”

ఆమె చేతిలో దోసకాయ అలాగే ఉండిపోయింది.

“ఏ డబ్బా అన్నయ్యా?”

“అదే, నువ్వు రోజూ నాకు పంపేది. నీలం మూత డబ్బా.”

వసారాలో బఠాణీ కాయలు చిట్లే చప్పుడు ఆగిపోయింది.

“మీకు రోజూ పంపుతున్నానని ఎవరు చెప్పారు?”

ఈల నవ్వు మొహం మీదే ఆగింది. స్నేహితుడి వైపు చూశాడు. ఆ స్నేహితుడు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు.

“వీడే చెప్పాడు. మా ఆవిడ పోయిన కొత్తలో. ఒంటరిగా ఉన్నావని మా ఇంటావిడ నీకు డబ్బా పెడుతోంది, కానీ ఆవిడకి పొగిడితే చిరాకు, ఆ మాట ఎప్పుడూ ఎత్తకు అన్నాడు. తనకి వేరే డబ్బా ఉందన్నాడు, పైన తింటానన్నాడు. ఇప్పుడు కింద పనేగా, అయినా ఆఫీసు గదిలో తిన్నానంటాడు.” ఈల లేచి నిలబడ్డాడు. “చెల్లెమ్మా, నేను మళ్ళీ వస్తాను.”

“కూర్చోండి.”

ఆమె గొంతు పెంచలేదు. అయినా ఈల టక్కున కూర్చున్నాడు.

“ఏవండీ.”

ఆయన క్యాలెండరు కాగితం సరిచేశాడు.

“ఈ ఇంట్లో నుంచి ఎన్ని డబ్బాలు వెళుతున్నాయి?”

“ఒకటే.”

“అది ఎవరు తింటున్నారు?”

“అది కాదు. నువ్వు ముందు కూర్చో, చెబుతాను.”

“నిలబడే వింటాను.”

“ఆ నిచ్చెనకి రెండు వందల పన్నెండు మెట్లు. దిగి మళ్ళీ ఎక్కాలంటే అరగంట. అరగంట క్రేన్ ఆగితే కింద లారీలు బారులు తీరతాయి. పైన తిన్నా, తాగినా, మరుగుదొడ్డికి దిగక తప్పదు. నాకు పని నేర్పినాయన మొదటి రోజే చెప్పాడు. ఆరింటికి ఎక్కితే రెండింటికి దిగాలి, మధ్యలో దిగినవాడు క్రేన్ డ్రైవరు కాదు అని. అందుకని డబ్బా కిందే కొక్కేనికి తగిలించి ఎక్కేవాణ్ణి.”

“ఎన్నాళ్ళుగా?”

“మొదట్నుంచీ.”

“నీళ్ళు?”

“పెదాలు తడుపుకునేవాణ్ణి.”

ఆమె కుర్చీ పట్టుకుంది. పంతొమ్మిదేళ్ళు. పొద్దున్న నాలుగున్నరకి లేచి కూర తరిగిన పంతొమ్మిదేళ్ళు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా డబ్బా ఆపలేదు.

“సరే, అప్పుడు పైనున్నారు. ఈ నెలరోజులూ కింద కుర్చీలోనే కూర్చుంటున్నారుగా! పక్కన కుళాయి, ఎదురుగా మరుగుదొడ్డి. ఇప్పుడెందుకు తినలేదు?”

ఆయన మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. తన తెలివి తనకే నచ్చినవాడిలా చెప్పాడు. “ఇప్పుడు మధ్యాహ్నం తినడం అలవాటైతే రేపు పైన ఎలా ఉంటాను? ఒళ్ళు ఒకసారి రుచి మరిగితే మాట వింటుందా? అందుకే ఒంటిని పట్టులో ఉంచుకుంటున్నాను.”

ఆమెకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఏ పని ఆయన్ని పడగొట్టిందో, ఆ పని మళ్ళీ దొరకాలని, పడగొట్టినదాన్నే జాగ్రత్తగా కాపాడుకుంటున్నాడు.

“రెండింటికి పని దిగాక?”

“ఏముంది, గేటు బయట టీ.”

“ఉత్త టీయేనా?”

“ఆకలికి ఆగలేక, నూనెలో వేయించిన బన్ను ఒకటి.”

“ఒకటా?”

“నాలుగు.”

“బన్నులా, టీలా?”

“రెండూ.”

ఈల తల కిందికి దించుకున్నాడు. ఆమె ఎదురుగా తలుపు మీది నీలం అంకెల్ని చూసింది. ఇన్ని రోజులూ ఆమె లెక్కలు వేసింది ఆ నాలుగు బన్నులకి.

“అత్తయ్యా, ఇలా రండి.”

ఆవిడ చేట పట్టుకునే గుమ్మం దాకా వచ్చింది. ఒక బఠాణీ జారి నేల మీద దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది.

“మీకు తెలుసా?”

“వాడు ఒట్టు వేయించుకున్నాడే అమ్మాయ్.”

“ఎప్పుడు?”

“ఎక్కిన మొదటి వారమే. ఇంటికి రాగానే చేతులు వణుకుతుంటే అడిగాను. చెప్పాడు. నీకు చెబితే గొడవ చేసి పని మాన్పిస్తావని భయపడ్డాడు. కడుపు మాడ్చుకుని వచ్చినవాడికి చప్పటి పప్పు ఏం ఆనుతుంది? అందుకని నాలుగు ముక్కలు వేయించి పెట్టడం మొదలుపెట్టాను. నువ్వు కాపురానికొచ్చిన కొత్తలో ఈ ఇంట్లో వేపుడు ఉండేదా చెప్పు? ఆకుకూర, పప్పు, కాసిని ముక్కలు. ఏడింటికల్లా అందరి భోజనాలూ అయిపోయేవి. మీ మామగారు ఎనభై రెండేళ్ళు కర్ర పట్టకుండా నడిచాడు. నాకు ఆ వంట రాక మానేశాననుకున్నావా?”

“నాతో ఒక్క మాట చెప్పి ఉంటే, పొద్దున్నే కడుపునిండా పెట్టి పంపేదాన్ని కదా అత్తయ్యా!”

ఆవిడ చేటలో బఠాణీలు ఒక పక్కకి ఎగదోసింది.

“రోజూ అడిగేదాన్ని,” అంది ఆమె ఆయనతో. “కూర ఎలా ఉంది అని. ఏమనేవారు?”

“బాగుంది అనేవాణ్ణి.”

“తినకుండానే.”

“బాగుండేది చెల్లెమ్మా,” అన్నాడు ఈల. “ఒట్టు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఇంట్లో మాటా మాటా వచ్చిందేమో అనుకునేవాణ్ణి. కూర ముక్కలు పెద్దపెద్దగా ఉంటే నీకు ఒంట్లో బాగాలేదేమో అనుకునేవాణ్ణి. ఒకసారి మూడు రోజులు వరసగా ముక్కలు పెద్దవొచ్చాయి. చెల్లెమ్మకి ఎలా ఉంది అని వీణ్ణి అడిగాను. బాగానే ఉందే, ఎందుకు అన్నాడు.”

ఆ మూడు రోజులూ ఆమెకు గుర్తున్నాయి. నడుం పట్టేసి లేవలేకపోయింది. ఎవరికీ చెప్పలేదు. కుట్టు మిషను ముందు కూర్చుని పళ్ళ బిగువున లాక్కొచ్చింది. తన పక్కన పడుకున్న మనిషికి తెలియని సంగతి, రేవులో ఎవరో పరాయి మనిషికి తెలిసింది.

ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

ఆయన గదిలోకెళ్ళి ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. పక్కన కలం కూడా పెట్టాడు.

“తిట్టాల్సింది ఎల్లుండి తర్వాత తిట్టు. ముందు దీని మీద సంతకం కావాలి.”

ఆమె చదివింది. కంపెనీ డాక్టరు ఇచ్చిన కాగితం. కింద చివరి వాక్యం పైకే చదివింది. “వైద్యులు సూచించిన ఆహారాన్ని నెలరోజులూ వేళ తప్పకుండా తీసుకున్నారని ధ్రువీకరిస్తున్నాను. కుటుంబ సభ్యుల సంతకం.”

“ఆ ఒక్కటి చాలు,” అన్నాడాయన. “ఎల్లుండి అంకె సంగతి నేను చూసుకుంటాను. ఇప్పట్నుంచి మంగళవారం పొద్దున్న దాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను. అదే దిగుతుంది.”

“దిగకపోతే?”

“దిగుతుంది.”

“దిగుతుందనే అనుకుందాం. ఆ మర్నాడు పైకెక్కి ఏం చేస్తారు? మళ్ళీ ఆరింటి నుంచి రెండింటి దాకా పెదాలు తడుపుకుంటారా?”

“నేనేం చెయ్యను? సంతకం లేకపోతే క్యాబిన్ కొత్త డ్రైవరుకిస్తారు. ఒకసారి ఇచ్చాక మళ్ళీ రాదు. కింద కుర్చీలో కూర్చుని చీటీల మీద ముద్రలు కొట్టుకుంటూ చావమంటావా?”

“ఇంకో నెల గడువు అడగండి. ఈసారి నిజంగా తినండి. పొద్దున్న పదకొండింటికి అరగంట మీ బదులు ఎక్కడానికి మనిషిని ఇమ్మనండి.”

“మధ్యలో దిగుతానని అడగాలా? నేను? పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి దిగలేదు.”

“దిగారు,” అంది ఆమె. “తాళ్ళు కట్టి దింపారు.”

ఆయన మొహం నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది. ఈల మెడలోని ఈలని గుప్పిట్లో పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

గోడ గడియారం పన్నెండు కొట్టింది.

ఆమె వంటింట్లోకెళ్ళింది. పళ్ళెంలో ఆకుకూర పప్పు, కప్పుతో కొలిచిన అన్నం, ఉడికిన చిక్కుళ్ళు, ఈల తెచ్చిన దోసకాయ ముక్కలు. గ్లాసు నిండా నీళ్ళు. తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“తినండి. నెలరోజుల లెక్క ఈ పూట నుంచి. ఇవి తింటే నిజమైన కాగితం మీద, నిజమైన రోజున సంతకం పెడతాను.”

ఆయన పళ్ళెం వైపు చూశాడు. చెయ్యి కదల్లేదు.

“పన్నెండింటికి నాకు ఆకలి వెయ్యదే,” అన్నాడు, చిన్నపిల్లాడిలా. “నిజంగా వెయ్యదు. ఎప్పుడో పోయింది.”

ఆ గొంతు విని ఆమె మనసు నీరైపోయింది. పక్కన కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఏదో చెప్పబోతూ ఉండగా బల్ల అవతల కాగితం గరగరమంది.

అత్తగారు చేట కింద పెట్టి, కలం తీసుకుని, కాగితం మీదికి వంగింది. బఠాణీ పసరు అంటిన వేళ్ళతో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. ఎవరూ ఆపే లోపే అయిపోయింది.

“అత్తయ్యా!”

“కుటుంబ సభ్యులు అన్నాడుగా. నేను కానా?” ఆవిడ కలం బల్ల మీద పెట్టింది. “వాడు అలా బతిమాలుతుంటే చూడలేనమ్మాయ్. నాకు చేతకాదు. నువ్వు గట్టిదానివి.”

ఆయన కాగితం అందుకున్నాడు. తల్లి వంకర అక్షరాల్ని చూశాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆమె భుజం మీది చెయ్యి తీసేసింది. లేచి, పళ్ళేన్ని రెండు చేతులతో ఈల వైపు జరిపింది.

“తీసుకోండి అన్నయ్యా. పంతొమ్మిదేళ్ళుగా ఇది మీదేగా.”

ఈల పళ్ళేన్ని చూశాడు. ఆ పప్పు కోసం కడుపు చూస్తుంటుందన్న మనిషి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

“తప్పు చెల్లెమ్మా. నాకు గొంతు దిగదు. ఇక మీద ఎప్పుడూ దిగదు.”

పళ్ళెం బల్ల మధ్యలో ఉండిపోయింది. అత్తగారు గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది.

“ఇటు తే,” అన్నాడాయన.

ఎవరూ కదల్లేదు. ఆయనే చెయ్యి చాపి పళ్ళెం లాక్కున్నాడు. ముందు నీళ్ళ గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. మంగళవారం దాకా ముట్టనన్న నీళ్ళు. తర్వాత పప్పు కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మెల్లగా నమిలాడు.

“ఉప్పు ఎక్కువైంది,” అన్నాడు తల ఎత్తకుండా.

ఆయన తింటూనే ఉన్నాడు. ఆమె చూపు మాత్రం చొక్కా జేబు మీదే ఉంది. ఆయన ఎడమ చెయ్యి కూడా అక్కడే ఉంది, లోపలి కాగితాన్ని గట్టిగా అదిమి పట్టుకుని.